నాలుగు వేళ్ల పైన

ఏప్రిల్ 2

ఈ డైరీ మోటార్ల కొట్టు వాళ్లు ఏటా ఇస్తారు. ఏటా ఇందులో బోర్ల లోతులు రాసుకుంటాను. బోరులో పడిపోయిన మోటార్లను పైకి తీయడం నా పని. నలభై ఏళ్లుగా అదే. ఎవరి బోరు, ఎంత లోతు, మోటారు ఎక్కడ ఇరుక్కుంది. బోరుకి ఒక ముక్క, అంతే. ఈ ఏడు జనవరి నుంచి ఒక్క ముక్క కూడా లేదు.

ఇప్పుడు నా లోతు రాయాల్సి వచ్చింది. పెద్దపేగు చివర గడ్డ. కూర్చునే చోటుకి నాలుగు వేళ్ల పైన. కేన్సరే.

డాక్టరమ్మ ఆ మాట చెప్పేటప్పుడు తన నాలుగు వేళ్లు జోడించి చూపించింది. నేను వేళ్లు చూశాను గాని మొహం చూడలేదు. ఆడమనిషి. నా కూతురి వయసు. ఆ పరీక్ష కూడా ఆవిడే చేసింది. దాని గురించి ఇక్కడ కూడా రాయను.

అయిదు వారాలు రేడియేషన్ కరెంటు పెట్టారు. గడ్డ చిన్నదైందట. ఇక కోసి తీయాలి.

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, రాస్తే ఉన్నట్టే అవుతుందని.

భయమేం లేదు.


ఏప్రిల్ 3

మా బావమరిది వచ్చి రెండు గంటలు కూర్చున్నాడు. వాడి అసలు పేరు వాడికైనా గుర్తుందో లేదో, అందరూ మైకు అంటారు. బోరు దగ్గర నేను మోటారుని పట్టి లాగే అతుకుల ఇనుప గడ పట్టుకుంటే వాడు ఎదురుగా నిలబడి తాడూ కేబులూ చూస్తాడు. నేను నోరు విప్పను, వాడు మూయడు. అందుకే జోడీ కుదిరింది.

వాడికి అసలు సంగతి చెప్పలేదు. జబ్బు తేలిన రోజుల్లోనే పొట్టలో రాయి అని చెప్పింది మా ఆవిడ, నా మొహం చూసి. పొద్దున చెబితే సాయంత్రానికి పేటంతా తెలిసింది. అప్పట్నుంచి రోజుకొకరు వచ్చి రాయి కరిగే మార్గం చెబుతున్నారు. బార్లీ నీళ్లు. పరగడుపున రెండు చెంబుల మంచినీళ్లు. ఎదురింటి టైలరయితే తన ఇంటి మెట్ల మీంచి నన్ను మూడుసార్లు దబదబా దింపించాడు, రాయి జారుతుందని. దిగాను. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి కదా.

మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ కొంగు నోట్లో కుక్కుకుంది.


ఏప్రిల్ 7

ఈ రోజు డాక్టరమ్మ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ వేసి చెప్పింది. పొట్ట చీల్చకుండా చేసే మార్గాలు రెండున్నాయట. చిన్న రంధ్రాల్లోంచి పొడుగు కడ్డీలు పంపి, టీవీలో చూస్తూ చేసేది ఒకటి. ల్యాప్రోస్కోపీ అంటారు. కడ్డీ తిన్నగా ఉంటుంది, చివర పటకారో కత్తెరో ఉంటుంది. ఇవతలి కొస డాక్టరమ్మ చేతిలో ఉంటుంది. రెండోది రోబో. అందులోనూ కడ్డీలే, కాకపోతే వాటిని యంత్రం చేతులు పట్టుకుంటాయి. లోపలి కొస మణికట్టులాగా ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. డాక్టరమ్మ అదే గదిలో ఓ పక్కన కూర్చుని, ఒక పెట్టెలో కళ్లు పెట్టి, వేళ్లతో దాన్ని నడుపుతుంది. రోబో దానంతట అది ఏమీ చేయదు, చేసేది నేనే అని రెండుసార్లు చెప్పింది.

మగవాళ్లకి తుంటి ఎముకల మధ్య చోటు ఇరుకట. ఆ ఇరుకులో, అడుగున ఉన్న గడ్డని పక్కలు గీరుకోకుండా విడదీయాలి. చుట్టూ నరాలుంటాయి. మా ఆవిడకి ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది గాని నాకు అక్కర్లేదు. నాలుగంగుళాల బోరు, అడుగున మోటారు. అది నా పనే.

గడ్డ కింద కోయడానికి చోటు దొరికితే పేగు మళ్లీ కలిపి కుడుతుంది. ఆ కుట్టు మానేదాకా పొట్ట మీద సంచి ఉంటుంది, మూడు నెలలు. చోటు దొరక్కపోతే కింది దారి మూసేయాలి. అప్పుడు సంచి జీవితాంతం. ఏదన్నది లోపలికి వెళ్లాకే తెలుస్తుంది.

మా ఆవిడ, రోబోయే పెట్టండి డాక్టరమ్మా, రెంట్లో ఏది మంచిదైతే అది, అంది.

"ఏది మంచిదో నాకూ తెలీదమ్మా" అంది డాక్టరమ్మ.

మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది, ఎలాంటి చోటికి తీసుకొచ్చారండీ అన్నట్టు.

కొన్నిచోట్ల చూస్తే రెండూ ఒకటే అని తేలిందట. కొన్నిచోట్ల ఇరుకు ఒళ్లకి రోబో కాస్త మేలన్నారట. ఇంకా గట్టిగా తేల్చాలని ఈ ఆస్పత్రిలో ఒక పరిశోధన పెట్టారు. అందులో చేరితే ఎవరికి ఏదన్నది కంప్యూటరు చీటీ తీస్తుంది. డాక్టరు చేతిలోనూ లేదు, మన చేతిలోనూ లేదు. చేరకపోయినా ఫరవాలేదు, చేరాక మానేసినా ఫరవాలేదు.

"ఏమంటారు పెద్దాయనా" అంది.

సరే అన్నాను. దేనికి సరే అన్నానో ఎవరూ అడగలేదు.


ఏప్రిల్ 8

చెయ్యి. అసలు సంగతి చెయ్యి.


ఏప్రిల్ 9

నిన్న రాసింది చూస్తే నాకే అర్థం కాలేదు. సరిగ్గా రాస్తాను.

మోటారు పడిన బోరులోకి గడ దింపాక కళ్లకి పనిలేదు. మూడువందల అడుగుల కింద ఏముందో ఎవడు చూశాడు. గడే చేతికి చెబుతుంది. రాయి తగిలితే ఒకలా ఉంటుంది, పైపు తగిలితే ఒకలా ఉంటుంది, కేబులు చుట్టుకుంటే మెత్తగా ఉంటుంది. పైకి లాగుతున్నప్పుడు తెగబోయే ముందు అరచేతిలో సన్నగా జుమ్మంటుంది. అక్కడ ఆగాలి. నేను ఆగుతాను. ఆగనివాళ్లు చెయ్యి పెట్టిన బోర్లు పూడ్చేసుకోవాల్సి వచ్చింది.

కడ్డీ డాక్టరమ్మ చేతిలో ఉంటే ఆ జుమ్మనేది ఆవిడకి తెలుస్తుంది. యంత్రం చేతిలో ఉంటే తెలిసేది యంత్రానికి. అది ఎవరికి చెబుతుంది?

కాబట్టి నాకు కడ్డీలే రావాలి. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చీటీలో అవే వస్తాయిలే.


ఏప్రిల్ 11

రోబో వచ్చింది.

పరిశోధన కాగితాలన్నీ చూసే అమ్మాయి ఒకతె ఉంది. ఫారాల అమ్మాయి అనుకుంటాను నేను. పదకొండు పేజీలు నెమ్మదిగా చదివి వినిపించింది, సంతకం పెట్టించింది. చీటీ అంటే డబ్బాలో చెయ్యి పెట్టి తీస్తారేమో అనుకున్నాను. ఒక మీట నొక్కింది, అంతే. తెర మీద అక్షరాలు వచ్చాయి. మా ఆవిడ అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని నొక్కేసింది. నేను గోడ మీది కేలండరు చూశాను.

ఆ సంబరంలో తమ్ముడికి ఫోన్ చేసి చెప్పేసింది. రోబో మాట చెప్పింది, గడ్డ మాట చెప్పలేదు. ఇంకేముంది. మా బావ పొట్టలోకి రోబో దిగి రాయి ఏరుకొస్తుంది, డాక్టర్లు ముట్టుకోను కూడా ముట్టుకోరు అని పేటంతా ప్రచారం. సాయంత్రం నా దగ్గరికొచ్చి, "ఇన్నేళ్లూ నువ్వు తీశావు బావా, ఇప్పుడు నీలోంచి తీసే మిషనొచ్చింది" అన్నాడు.

భయమేం లేదు.


ఏప్రిల్ 13

"అమ్మా, నాకు కడ్డీలతో చేయండి." నాలుగు మాటలు. అద్దం ముందు నిలబడి పదిసార్లు అన్నాను. బాగానే వచ్చింది.

ఆస్పత్రికి ఫోన్ చేశాను. ఫారాల అమ్మాయి ఎత్తి, చెప్పండంకుల్ అంది. ఏం లేదమ్మా, నా ఫోన్ పనిచేస్తోందో లేదో చూశాను అన్నాను.

ఆ పిల్ల గడుసుది. యంత్రాన్ని ఒకసారి చూస్తారా, నేర్చుకునేవాళ్ల కోసం ఒకటి విడిగా ఉంది, చాలామంది చూసి స్థిమితపడ్డారు అంది. ఎల్లుండి రమ్మంది.

సరే అన్నాను.


ఏప్రిల్ 15

చూశాను.

గది చల్లగా ఉంది. మధ్యలో బల్ల, దాని మీదికి నాలుగు చేతులు వంగి ఉన్నాయి, గుడ్డలు కప్పుకుని. మనిషి దాని ముందు కూర్చోడు. దూరంగా ఒక పెట్టె ఉంది, స్టూలు వేసుకుని అందులో కళ్లు పెట్టాలి. కాళ్ల కింద మీటలు. రెండు చేతుల వేళ్లకీ ఉంగరాల్లాంటివి తొడిగింది ఫారాల అమ్మాయి. కూర్చుని చూడండంకుల్, బొమ్మలతోనే, ఏమీ కాదు అంది.

కళ్లు పెట్టాను. ఆ లోపల కనిపించినంత దగ్గరగా నా జన్మలో ఏదీ చూడలేదు. పల్చటి రబ్బరు ముక్క, దానికి కుట్టిన దారం. రబ్బరు మీది గీతలు కూడా కనిపిస్తున్నాయి. వేళ్లు కలిపితే లోపల పటకారు కలిసింది. చెయ్యి తిప్పితే అదీ తిరిగింది. చెప్పొద్దూ, సరదాగానే ఉంది. దారం పట్టుకుని లాగాను. చేతికి ఏమీ తెలియలేదు. గాలిని లాగినట్టుంది. ఇంకాస్త లాగాను. దారం తెగిపోయింది.

చేతులు తీసేసి కూర్చున్నాను. అప్పుడే డాక్టరమ్మ ఎందుకో అటు వచ్చింది.

"తెంచేశారా పెద్దాయనా."

"చేతికి తెలియలేదమ్మా."

ఆవిడ ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. తెలియదు, ఇందులో చేతికేమీ తెలియదు అని ఒప్పేసుకుంది.

"మరి తెగేముందు మీకెలా తెలుస్తుందమ్మా" అన్నాను. ఆవిడతో నేనన్న మాటల్లో ఇదే పొడుగు.

"కంటికి తెలుస్తుంది. లాగినకొద్దీ కండ పాలిపోతుంది. తెల్లబడిందంటే వదిలేయాలి. మొదట్లో నేనూ తెంచాను, ఇలాంటి దారాలే. చెయ్యి చేసే పని కన్ను నేర్చుకోడానికి నెలలు పట్టింది."

మీరేం పని చేసేవారని అడిగింది. చెప్పాను. ముందుకు వంగి వింది. గడ గురించి, జుమ్మనడం గురించి, ఆగడం గురించి. ఇంత ఎప్పుడు మాట్లాడానో గుర్తులేదు. ఇన్నేళ్లలో లోపల ఒక్కసారైనా చూడలేదా అంది. లేదన్నాను. ఆవిడ నవ్వి, మీరు చూడకుండా ముట్టుకుంటారు, నేను ఇందులో ముట్టుకోకుండా చూస్తాను అంది.

కడ్డీలతో అయితేనో అన్నాను. కడ్డీ అయితే చేతికి కొంచెం తెలుస్తుంది, కాని వంగదు, మీ దగ్గర కింద మూల తిరగాలి, అక్కడ ఇబ్బంది, అంది. ఏదీ దాచలేదు. మీరు వద్దంటే ఇప్పుడే మానేద్దాం, నాకేం కోపం రాదు అని కూడా అంది.

నేను ఇంకో దారం కట్టమన్నాను. మళ్లీ కళ్లు పెట్టాను. ఈసారి చెయ్యి మాట వినలేదు, రబ్బరునే చూశాను. లాగినకొద్దీ కుట్టు దగ్గర రంగు పల్చబడింది. తెల్లబడింది. వదిలేశాను. తెగలేదు.

వద్దనలేదు.


ఏప్రిల్ 16

చీటీ అలాగే ఉండనీ.


ఏప్రిల్ 20

ఆస్పత్రిలో చేరాను. రేపు పొద్దున్నే.

సంచుల సంగతి చూసే సిస్టరు వచ్చింది. నన్ను కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని, పంట్లాం ఎక్కడ కడతారో చూసి, పొట్ట మీద రెండు చుక్కలు పెట్టింది నల్ల సిరాతో, బొడ్డుకి అటొకటి ఇటొకటి. ఎదురుగా నిలబడి చెప్పింది. ఒకటి మూడు నెలల చుక్క, ఒకటి జీవితాంతం చుక్క. ఏది ఏదో గట్టిగా గుర్తు పెట్టుకున్నాను. మెలకువ రాగానే చేత్తో చూసుకుంటే సరి, ఎవర్నీ అడగక్కర్లేదు.

మైకు చూడ్డానికి వచ్చాడు. వార్డు గుమ్మం మీద బోర్డు ఉంది, పెద్ద అక్షరాలతో. చదువుకుని లోపలికొచ్చాడు. అక్కని బయటికి తీసుకెళ్లి అడిగినట్టున్నాడు. తిరిగొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. పావుగంట ఒక్క మాట మాట్లాడలేదు. వాడు అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఆఖరికి నేనే, టీ తాగొచ్చావా అని అడగాల్సి వచ్చింది.


ఏప్రిల్ 23

కొంచెమే రాస్తాను.

అయిపోయింది. మొన్న. అయిదు గంటలు పట్టిందట.

మెలకువ వచ్చాక ముందు చెయ్యి పంపాను. గుడ్డ కింద సంచి తగిలింది. జీవితాంతం చుక్క మీద.


ఏప్రిల్ 24

డాక్టరమ్మ వచ్చి బాగా జరిగింది పెద్దాయనా, అనుకున్నట్టే అయింది అంది. తల ఊపాను. వాళ్ల లెక్కలో బాగా జరగడం అంటే గడ్డ బయటికి రావడం. అదీ నిజమే. ఆవిడ తప్పేం లేదు. చోటు లేదు, మరి ఏం చేస్తుంది.

మా ఆవిడ ఒకటే నవ్వు. నా తల దువ్వింది. పక్క మంచం ఆవిడతో కబుర్లు. ఇంత బాగా నటించగలదని తెలియదు నాకు. నా కోసం నవ్వుతోంది కదా అని నేనూ నవ్వాను. నేను నవ్వానని ఇంకా నవ్వింది. మైకు వచ్చాడు, వాడూ అంతే. ముగ్గురం పెళ్లివారిలాగా ఉన్నాం.

సంచి ఉన్నవాళ్లంతా బతకడం లేదా. ఎందరో ఉన్నారట. బట్ట కింద ఎవరికీ కనపడదట. గడ మీదికి వంగేటప్పుడు ఒరుసుకుంటుంది, అదొక్కటే. అంటే వంగకూడదు. అంటే బోరు పని కుదరదు. గడ మైకుకి ఇచ్చేయాలి. వాడి చెయ్యి ఆగదు, తెంపేస్తాడు. అయినా ఇంకెవరికి ఇస్తాను.

భయమేం లేదు. భయం అయిపోయింది కదా.


ఏప్రిల్ 25

ఇది వివరంగా రాయాలి.

పొద్దున మైకు ఒక్కడే ఉన్నప్పుడు చెప్పాను, గడ నువ్వు తీసుకోరా, నేనింక వంగలేను అని.

వాడు, ఎంత బావా, మూడు నెలలు, సంచి తీసేశాక మళ్లీ వంగుదువుగాని అన్నాడు.

"తియ్యరురా. ఇది ఆ పక్కది."

"ఏ పక్కది?"

చూపించాను. వాడికి తెలియలేదు. వెళ్లి సంచుల సిస్టరుని పిలుచుకొచ్చాడు. ఆవిడ దుప్పటి తీసి చూసి, కుడివైపే కదా, కుడివైపు మూడు నెలలదని చెప్పానుగా తాతా అంది.

మేమిద్దరం ఒకర్నొకరం చూసుకున్నాం. ముందు తెలిసింది మైకుకే. మంచం ఎదురుగా వచ్చి, కాళ్లు ఎడంగా పెట్టి, బోరు దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"బావా, కుడి" అన్నాడు.

నా ఎడమ చెయ్యి దానంతటది లేచింది.

బోరుకి అటు వాడు, ఇటు నేను. గడ పట్టుకున్నవాణ్ని నేను కళ్లు మూసుకుంటాను, కేబులు చూసేది వాడు. కుడి అంటే వాడి కుడి, ఎడమ అంటే వాడి ఎడమ. మొదటిరోజు పెట్టుకున్న ఒప్పందం. ఎదురుగా నిలబడి ఎవరు కుడి అన్నా నలభై ఏళ్లుగా నాకు అది ఎడమే. సిస్టరు కూడా ఎదురుగా నిలబడే చెప్పింది.

మైకు గోడ పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. మా ఆవిడ ప్లాస్కుతో లోపలికి రాగానే అంతా చెప్పేశాడు. ఆవిడ నవ్వలేదు. ప్లాస్కు కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"నాలుగు రోజులు జీవితాంతం అనుకుంటూ పడుకున్నారా? అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

నువ్వు నటిస్తున్నావనుకున్నాను అన్నాను. నాకు నటన కూడానా అని, ఆ తర్వాత నా మంచం మీద కూర్చుని కాసేపు నా పాదం పట్టుకుంది. దుప్పటి పైనుంచే.

మధ్యాహ్నానికి సంగతి డాక్టరమ్మ దాకా వెళ్లింది. వచ్చి మంచం కమ్మీ పట్టుకుని నవ్వింది. ఇకమీదట చుక్క పక్కన ఏది ఏదో అక్షరాలతో రాయమని సిస్టరుకి చెప్పింది. గడ్డ కింద వేలెడు చోటు దొరికిందట. ఇరుకులో మూల తిరిగి పట్టుకోగలిగాను అంది. కడ్డీలయితే దొరికేది కాదా అని అడుగుదామనుకున్నాను. ఏమంటుందో తెలుసు. నాకూ తెలీదు అంటుంది.


మే 8

రిపోర్టు వచ్చింది. అంచులు శుభ్రం. చుట్టుపక్కల గ్రంథులూ శుభ్రం.

మా ఆవిడ నన్ను రిక్షాలో ఎక్కించి, తను ఎక్కడం మర్చిపోయింది.


జులై 22

సంచి తీసేశారు. మూడు నెలల మీద ఒక్క రోజు. పేగు కలిపి దారి తెరిచారు. ఇక అంతా మామూలే.


ఆగస్టు 10

బాగుంది.


ఆగస్టు 19

బాగుంది. ఈ రోజు పేపరు మొత్తం చదివాను. నాలుగు విడతల్లో.


సెప్టెంబరు 6

పేగు చివర పోయింది కదా, నిలవ ఉంచుకునే చోటు లేదట. కొన్నాళ్లు ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుందని ముందే అన్నారు. వెళ్తున్నాను. ఇందులో చెప్పడానికేముంది.

మైకు మూడు బోర్లు ఒప్పుకుని వచ్చాడు. పొలాల మధ్య, చుట్టూ ఒక్క గోడ లేదు. నడుం నొప్పి అన్నాను. వాడు నా మొహం చూసి ఊరుకున్నాడు. పేటలో మాత్రం ఇప్పటికీ రాయి అనే చెబుతున్నాడు. నిమ్మకాయంత రాయట. అసలు సంగతి వాడి నోట్లోంచి ఇంతవరకు జారలేదు.

నడుం నిజంగానే కొంచెం నొప్పిగా ఉంది.


అక్టోబరు 21

ఆరు నెలల ఫారం. ఫారాల అమ్మాయి ఒక్కో ప్రశ్న చదువుతుంది, నేను చెబితే గుర్తు పెడుతుంది. మా ఆవిడ టీకి వెళ్లింది.

ఇలాంటి ప్రశ్నలు మనిషిని మనిషి అడగొచ్చని తెలియదు. రోజుకి ఎన్నిసార్లు వెళ్తారు. రెండు. ఆపుకోగలరా. ఆఁ. బట్టలు పాడవుతాయా. లేదు. దీనివల్ల ఇంట్లోంచి కదలడం మానేశారా. లేదు. తర్వాత ఆలుమగల సంగతి ఒకటి అడిగింది. ఫేను చూశాను. వర్తించదు అని తనే పెట్టేసింది.

అన్నీ అయ్యాక, భలే ఉన్నారంకుల్, రోబోకి మంచి మార్కులు వేయించారు అంది.

సంతోషంగా తిరిగొచ్చాం. దారిలో రెండుచోట్ల దిగాల్సి వచ్చింది.


అక్టోబరు 22

మనసు బాగాలేదు.

ఒకాయన ఉండేవాడు. మోటారు పడిపోతే తనే ఇనుప కడ్డీ దింపి తీయబోయాడు. ఆ కడ్డీ కూడా లోపల పడిపోయింది. సిగ్గుపడి నాకు చెప్పలేదు. మోటారొక్కటే అన్నాడు. ఆయన మాట మీద గడ దింపాను. కడ్డీ అడ్డం తిరిగింది, మోటారూ పోయింది, బోరూ పోయింది, నా గడా పోయింది. ఏడాదిపాటు ఆయన్ని తిట్టుకున్నాను. అంత సిగ్గేమిటి మనిషికి అని.

ఈ ఫారాలన్నీ ఒకచోట పోస్తారు. రోబో వాళ్లవి ఒక పక్క, కడ్డీల వాళ్లవి ఒక పక్క. దాన్నిబట్టి రేపు నాలాంటివాడికి, నీకు ఇది మేలు, ఇది కాదు అని చెబుతారు. ఆ కుప్పలో నా రెండు కూడా ఉంది.


అక్టోబరు 23

బస్సెక్కి వెళ్లాను. మా ఆవిడ ఎందుకో చెప్పండి అంటూనే వెంట వచ్చింది.

ఫారాల అమ్మాయి ఏదో రాసుకుంటోంది. కూర్చోండంకుల్ అంది. కూర్చుంటే మళ్లీ మాట రాదని నిలబడే చెప్పాను.

"అమ్మా, రెండు కాదు. తొమ్మిది."

ఆ పిల్ల తలెత్తింది.

"మొన్న అబద్ధం చెప్పాను."

"తొమ్మిది కాదు, పది" అంది మా ఆవిడ వెనకనుంచి. "తెల్లవారుజామున వెళ్లింది ఆయన లెక్కెయ్యరు."

ఆ అమ్మాయి నవ్వలేదు. మొన్నటి ఫారం వెతికి తీసింది. రెండుని ఒక గీతతో కొట్టేసి, పక్కన పది వేసి, సంతకం పెట్టింది. మళ్లీ మొదట్నుంచి చదవమంటారా అంది. చదవమన్నాను. మా ఆవిడ పక్కనే ఉంది. అన్నీ చెప్పాను. బట్టల సంగతి చెప్పాను. బోరుకి వెళ్లడం మానేశానని, నడుం నొప్పి వట్టిదని చెప్పాను. ఫేను ప్రశ్న వచ్చినప్పుడు కూడా ఫేను చూడలేదు. మా ఆవిడే చూసింది.

రోబోకి మార్కులు పోయాయా అమ్మా అన్నాను. అలా ఏం లేదంకుల్, అవతలి పక్క వాళ్లవి ఎలా ఉన్నాయో నాకూ తెలీదు, అందరివీ వచ్చాక గాని తేలదు, రెండేళ్లు పడుతుంది అంది. మాట మార్చుకోడానికి తిరిగొచ్చింది మాత్రం మీరే మొదలు అంది.

వెళ్లి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది. ఆవిడ చదివి, పదిసార్లు వెళ్తూ మూడు నెలలు ఊరుకున్నారా, దీనికి మందుంది, కింది కండరాలకి వ్యాయామం ఉంది, చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది పెద్దాయనా అని కోప్పడింది. చీటీ రాసిచ్చింది. వ్యాయామం నేర్పించేది కూడా ఇంకో ఆడపిల్లేనట.

సరే అన్నాను. ఈసారి దేనికో తెలిసే అన్నాను.


నవంబరు 16

ఏడు. వ్యాయామం కూర్చుని చేసేదే, పైకి ఎవరికీ తెలియదు. బస్సులో కూడా చేస్తున్నాను.


డిసెంబరు 3

ఆరు. మైకుతో బోరుకి వెళ్లాను. రెండువందల పది అడుగులు. కేబులు చుట్టుకుని ఉంది. నెమ్మదిగా వచ్చింది.


డిసెంబరు 14

అయిదు.

ఫారాల అమ్మాయి అడగలేదు. తర్వాతి ఫారం ఏప్రిల్లో గాని లేదు. నేనే ఫోన్ చేసి చెప్పాను.